రెండున్నర టన్నుల పార

"మంచు తీయడానికి, ఇంటి పనులకు."

అమెరికాలో చలి రాష్ట్రాలలో కాపురం ఉంటూ పికప్ ట్రక్కు కొన్న మనవాళ్ళందరూ ఈ నాలుగు మాటలనూ సంకల్పం చెప్పుకున్నట్టు ఒకే స్వరంతో చెబుతారు. మీరు అడగనక్కర లేదు, బండి వంక ఒక్కసారి చూస్తే చాలు. మా ఎదురింటాయన గత శరదృతువులో అరవై వేల డాలర్ల పైచిలుకు పోసి ఒకటి తెచ్చారు. అభినందిద్దామని వెళ్ళాను. నేను నోరు తెరవక ముందే, "మంచు తీయడానికి అన్నగారూ, ఇంటి పనులకు కూడా" అన్నారు. ఆ గొంతును నేను అంతకు ముందు ఒక్కచోటే విన్నాను. డాక్టరు ముందు కూర్చుని, "ఎప్పుడైనా ఒక్కటి, అదీ ఎవరైనా బలవంతం చేస్తే" అని సిగరెట్ల లెక్క చెప్పే రోగి గొంతు అది.

"పెద్ద బండి ఎక్కాలని చిన్నప్పటి నుంచీ సరదా, ఎక్కాను" అని ఉంటే ఎవరు కాదనేవారు? నేనే ముందు వెళ్ళి డ్రైవరు సీటులో కూర్చుని, స్టీరింగు నిమిరి, టీ తాగి వచ్చేవాణ్ణి. కానీ మన జాతికి సరదా అనేది నామోషీ. మనం ఏది కొన్నా ఒక ప్రయోజనం చూపించాలి. కనుక ఆ ప్రయోజనాన్నే, కొన్నవారి గౌరవానికి ఏ లోటూ రాకుండా, శాస్త్రీయంగా పరిశీలిద్దాం.

శత్రువు బలం ముందు తెలియాలి. ఆయన డ్రైవ్‌వే, అంటే వీధి నుంచి గరాజ్ దాకా బండి నడిచే దారి, 40 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు. రాత్రి నాలుగు అంగుళాల మంచు పడిందనుకోండి. కొత్తగా పడిన పొడి మంచు ఘనపు అడుగుకు ఇంచుమించు ఆరేడు పౌన్లు తూగుతుంది. అంటే మొత్తం 1,300 నుంచి 1,500 పౌన్ల శత్రుసేన. దాని మీదికి కదిలే మన రథం 5,000 పౌన్లు, దాని మూతికి తగిలించే ప్లౌ, అంటే మంచు తోసే ఇనుప బ్లేడు, మరో 700. ఇనుము రెండున్నర టన్నులు, మంచు అందులో పావు వంతు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారని తెలుసు. అయితే పురాణంలో బ్రహ్మాస్త్రం వేసినవాడు ముందు దాని మీద పేరుకున్న మంచును చీపురుతో దులుపుకోవలసిన అగత్యం ఎక్కడా కనబడదు.

ఇక్కడ అది తప్పదు. ఎందుకంటే బండి గరాజ్‌లో పట్టదు. నాలుగు తలుపుల క్యాబిన్ ఉన్న ఈ ట్రక్కు పొడవు 19 అడుగుల పైమాట, గరాజ్ లోతు 19 లోపే. లోపల పెడితే తలుపు పడదు, తలుపు పడాలంటే ఎదుటి గోడ ఉండకూడదు. కనుక మంచును జయించవలసిన యోధుడు రాత్రంతా మంచులోనే నిలబడి, తెల్లవారేసరికి తానే ఒక మంచు దిబ్బ అవుతాడు.

పొద్దున్న ఆరు గంటలు. నేను కిటికీ దగ్గర కాఫీతో కూర్చుంటాను. ఈ చలికాలమంతా నాకు టీవీ అవసరం పడలేదు.

ఎదురింటాయన బయటికి వస్తారు. ఒక చేతిలో చీపురు, ఒక చేతిలో స్టూలు. బండి కప్పు ఆరున్నర అడుగుల ఎత్తు, ఆయన ఐదున్నర. స్టూలెక్కి ముందు సగం దులుపుతారు, దిగుతారు, స్టూలు జరుపుతారు, ఎక్కుతారు. దులిపిన మంచు మెడలోకి పోతుంది. తరువాత బండి చుట్టూ, అంటే తలుపు తెరుచుకునేంత మేర, పారతో మంచు తీస్తారు. అవును, పారతోనే. మంచు తీసే బండి దగ్గరికి వెళ్ళడానికి ఆ దారిలో మంచు తీయాలి. ఈపాటికి డ్రైవ్‌వేలో నాలుగో వంతు శుభ్రమైంది, బండి ఇంకా స్టార్టే కాలేదు.

ఇప్పుడు ప్లౌ తగిలించాలి. అది గరాజ్‌లో, బండి ఉండవలసిన చోట, హాయిగా వెచ్చగా నిద్రపోతూ ఉంటుంది. దాన్ని అందుకోవడానికి బండిని తాజా మంచు మీద నడిపించుకుంటూ గరాజ్ ముందుకు తేవాలి. ఆ నాలుగు చక్రాల కింద మంచు అణిగి, రెండు చారలుగా బిగుసుకుంటుంది. ఇక ప్లౌ దాని మీద జారిపోతుందే తప్ప దాన్ని లేపలేదు. ఆ రెండు చారలూ మధ్యాహ్నం ఎండకు కరిగేదాకా ఆయన డ్రైవ్‌వే మీద రైలు పట్టాల్లా మెరుస్తూ ఉంటాయి. ప్లౌను బిగించే పిన్నులు సరిగా పడవు. ఒక అంగుళం ఎడమకు. దిగి చూస్తారు. అర అంగుళం కుడికి. దిగి చూస్తారు. కరెంటు ప్లగ్గులో మంచు గడ్డ కట్టి ఉంటుంది, నోటితో ఊదుతారు.

ఈ లోపల మా పక్కింటి పెద్దావిడ, డెబ్బై దాటిన మనిషి, ముప్పై డాలర్ల ప్లాస్టిక్ పారతో బయటికి వస్తుంది. ఆమె మంచును ఎత్తదు, తోస్తుంది. ఒక పక్కకు ఒక వరుస, రెండో పక్కకు ఒక వరుస, మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకుంటుంది, ఎదుటివైపు చూసి మర్యాదగా చెయ్యి ఊపుతుంది. ఆయన ప్లగ్గు నోట్లో పెట్టుకునే చెయ్యి ఊపుతారు. గుండె జబ్బు ఉన్నవాళ్ళు చలిలో పార పట్టవద్దని డాక్టర్లు చెప్పే మాట అక్షరాలా నిజం, దాని మీద నేను హాస్యమాడను. అలాంటివారికి మంచు ఊదే యంత్రం ఉంది, ఈ డ్రైవ్‌వేను అరగంటలోపే ఊదేస్తుంది, ఎండాకాలం మూలన నిలబెట్టుకోవచ్చు.

చివరికి యుద్ధం మొదలవుతుంది. గరాజ్ తలుపు దగ్గరి మంచును ముందుకు తోస్తే తలుపు విరుగుతుంది. కనుక బ్లేడును తలుపు దగ్గర దించి, బండిని వెనక్కి నడుపుతూ మంచును ఈడ్చుకు రావాలి. ఎంత ఈడ్చినా తలుపును ఆనుకుని ఒక అడుగు మంచు మిగులుతుంది. దానికి పార. అంచుల వెంబడి పార. మెట్ల దగ్గర పార. ముందుకు రెండు సార్లు, వెనక్కి మూడు సార్లు, రివర్సులో బీప్ బీప్‌మంటూ వీధి వీధంతా లేస్తుంది. అంతా అయ్యాక ఆయన దిగి, నడుము మీద చేతులు పెట్టుకుని, జయస్తంభం నాటినవాడిలా ఒకసారి కలయజూస్తారు. సరిగ్గా అప్పుడే మున్సిపాలిటీ మంచు లారీ వీధి చివర మలుపు తిరుగుతుంది. వీధిలోని మంచునంతా పక్కలకు చిమ్ముకుంటూ వచ్చి, ఆయన డ్రైవ్‌వే నోట్లో రెండడుగుల గట్టు కట్టి వెళ్ళిపోతుంది. పెద్దావిడ గుమ్మానికీ గట్టు కట్టింది. అందుకే ఆవిడ వాకిలి చివరి వరుసను లారీ వచ్చి వెళ్ళేదాకా ముట్టుకోలేదు.

సరే, మంచు సంగతి అలా ఉంచండి. ఇంటి పనులు ఉన్నాయి కదా.

ఉన్నాయి. మొదటి ఇంటి పని, బండి వెనుక పెట్టెలో గీతలు పడకుండా లోపల రబ్బరు పూత వేయించడం. రెండోది, ఆ పూత మీద వాన పడకుండా మడత మూత పెట్టించడం. మూడో పని ఇంతవరకూ రాలేదు. ఒకసారి నేను తోటలో పరవడానికి కంకర తేవాలి, బండి ఇస్తారా అని అడిగాను. ఆయన ముఖం చూసి, ఒక మనిషిని కిడ్నీ అడిగానా అన్న అనుమానం నాకే కలిగింది.

ఒకనాడు ప్లైవుడ్ అవసరం పడింది. ప్లైవుడ్ పలక నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు. ఆయన పెట్టె పొడవు ఐదున్నర అడుగులు. మూత విప్పాలి, వెనుక తలుపు దించాలి, బయటికి పొడుచుకొచ్చిన చివరకు ఎర్రగుడ్డ కట్టాలి, పైగా ఆకాశం మబ్బు పట్టి ఉంది. ఫోను చేశారు. "అన్నగారూ, మీ మినీవ్యాను ఖాళీగా ఉందా?" ఉంది. పదకొండేళ్ళ నాటి నా ముసలి వ్యాను, వెనుక సీట్లు తీసేస్తే, నాలుగు పలకలు పడుకోబెట్టుకుని తలుపు కూడా వేసుకుంది. ఆ వ్యానును ఎవరూ ఎప్పుడూ టీవీ ప్రకటనలో కొండ అంచున నిలబెట్టలేదు.

పచ్చికకు మట్టి కావలసి వచ్చినప్పుడు ఇంకా ముచ్చట. ఘనపు గజం మట్టి 2,000 పౌన్లు దాటుతుంది, ఆయనకు మూడు గజాలు కావాలి. దుకాణం వాళ్ళు టిప్పరులో తెచ్చారు. టిప్పరుకు చోటివ్వడం కోసం ట్రక్కును తీసి వీధిలో పెట్టారు.

అయినా ఈ బండ్ల మీద నమ్మకం పోగొట్టుకోకూడదని, ఒకనాడు డ్రైవరు తలుపు తీసి ఆ చట్రం మీద ఉన్న స్టిక్కరు చదివాను. పసుపు, తెలుపు, చిన్న అచ్చు. కొన్నవాళ్ళు చదవని ఒకే ఒక్క సాహిత్యం అది. మనుషులు, సామాను కలిపి 1,480 పౌన్లకు మించరాదు అని రాసి ఉంది. ప్లౌకు 700 తీసేయండి. ముందు అంత బరువు వేలాడితే వెనుక చక్రాలు తేలిపోతాయి కనుక పెట్టెలో 300 పౌన్ల ఇసుక బస్తాలు. ఆయన స్వయంగా 180. మిగిలింది 300. ఒక్కొక్కటి 80 పౌన్ల కాంక్రీటు బస్తాలు మూడు పడతాయి, నాలుగోది పెడితే స్టిక్కరు ఒప్పుకోదు.

అసలు ఇంటి పనులకు పుట్టిన బండి లోకంలో లేకపోలేదు. జపాన్‌లో కేయీ ట్రక్కు అని ఒకటుంది. 660 సీసీ ఇంజను, మొత్తం పొడవు 3.4 మీటర్లు, మోసేది 350 కిలోలు. అందులో పెట్టె పొడవు ఆరడుగుల పైనే. అంటే మా ఎదురింటి ఏనుగు వీపు కన్నా ఆ మేకపిల్ల వీపు పొడుగు. మూడు వైపులా తలుపులు కిందికి వాలుతాయి, నడుము వంచకుండా మట్టి లాగేయవచ్చు. మరి అమెరికాలో కొత్తది ఎందుకు దొరకదంటే భద్రతా నిబంధనలు ఒప్పుకోవు. పాతికేళ్ళు నిండిన ముసలి బండినైతే తెచ్చుకోవచ్చు. నిబంధనలు దాటగలిగిన చిన్న బండి ఏదైనా వస్తుందా అంటే, గుమ్మంలో కోడి కూర్చుని ఉంది. 1960ల మొదట్లో అమెరికా కోళ్ళ మీద ఐరోపావాళ్ళు సుంకం పెంచారు. ఆ కోపంతో 1963 డిసెంబరులో అధ్యక్షుడు జాన్సన్ బంగాళాదుంప స్టార్చి మీద, డెక్స్‌ట్రిన్ అనే జిగురు పొడి మీద, బ్రాందీ మీద, చిన్న ట్రక్కుల మీద సుంకం పెంచారు, ట్రక్కుల మీద అది 25 శాతం. మిగతావన్నీ ఎప్పుడో దిగిపోయాయి. ట్రక్కుల సుంకం మాత్రం అరవై ఏళ్ళుగా గుడ్లు పెడుతూనే ఉంది. దిగుమతుల పోటీ అంతగా లేని పెరట్లో ఇక్కడి బండ్లు ఏడాదికేడాది బలుస్తూ వచ్చాయి. పాతకాలపు ట్రక్కులో మనుషుల గది చిన్నది, సామాను పెట్టె పెద్దది. ఇప్పుడు తిరగబడింది. మనుషులు సోఫాల్లో, సామాను చూరు కింద.

ఇంతవరకూ నవ్వుకున్నాం. ఇది ఆయన డబ్బు, ఆయన వాకిలి, ఆయన మెడలోకి పోయే మంచు. నాకేమి నొప్పి?

నొప్పి ఉంది. తోసిన మంచు ఎక్కడికి పోతుందో చెప్పలేదు కదూ.

కాలిబాట మీదికి పోతుంది. పారతో తోసేవాడు మంచును తన పచ్చిక మీద, రెండు పక్కలా వేసుకుంటాడు, ఎందుకంటే అంతకన్నా దూరం తోసే ఓపిక అతనికి లేదు. ట్రక్కుకు ఆ ఓపిక ఉంది. మొత్తం మంచునూ ఒకే ఊపున డ్రైవ్‌వే చివరికి, కాలిబాట దాటించి, రోడ్డు అంచుకు తోసి, నాలుగడుగుల గోడ కట్టి, తిరిగి చూడకుండా లోపలికి పోతుంది. మంచును ప్రజా రహదారి మీదికి తోయకూడదని మిషిగన్‌లో చట్టం ఉంది, మిన్నెసోటాలో ఉంది. చట్టం దాకా ఎందుకు? ఆ గోడ వెనుక మా వీధి ఫైర్ హైడ్రంట్, అంటే మంటలార్పేవాళ్ళు నీళ్ళ గొట్టం తగిలించే కుళాయి, ఉంది. జనవరిలో రెండు వారాల పాటు దాని తల కూడా కనబడలేదు. ఎవరి ఇల్లైనా అంటుకుంటే ఆ రెండు వారాలలో నీళ్ళ గొట్టం ఎక్కడ తగిలించేవారు, ఈయన ట్రక్కుకా?

ఆ మూల మీదే స్కూలు బస్సు ఆగుతుంది. కాలిబాట మూసుకుపోతే పిల్లలు ఎక్కడ నిలబడాలి? రోడ్డు మీద నిలబడతారు. చీకటి విడవని చలి పొద్దులో, వీపున సంచులతో, గోడకు ఆనుకుని. ఆ రోడ్డు మీదనే ఈ బండ్లు ఆఫీసులకు బయలుదేరతాయి. ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ అనే అమెరికా రోడ్డు భద్రతా పరిశోధన సంస్థ 2023లో లెక్క తేల్చింది. మూతి ఎత్తు 40 అంగుళాలు దాటిన బండి మనిషిని గుద్దితే, 30 అంగుళాలో అంతకన్నా తక్కువో ఎత్తుండి ముందుకు వాలిన మూతి ఉన్న బండితో పోలిస్తే ప్రాణం పోయే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువ. 40 అంగుళాలంటే తెలుసా? నాలుగేళ్ళ పిల్ల ఎత్తు. ఎదురింటాయన బండి మూతి అంతకన్నా ఎత్తు, నేను టేపు పెట్టి కొలిచాను. ఆ మూతికి ఇంకా ముందు ప్లౌ. ఆయన సీటులో కూర్చుంటే ఆకాశం కనబడుతుంది, అవతలి వీధి కనబడుతుంది, తన బండి ముందు నిలబడ్డ పిల్ల కనబడదు. ఆయన చెడ్డవారు కాదు. ఆయన కూతురు కూడా ఆ గోడ పక్కనే నిలబడుతుంది. అది చెప్పడానికి వెళితే నాకు దొరికిన సమాధానం ఏమిటో చెప్పనా? "అందుకే కదా అన్నగారూ పెద్ద బండి తీసుకున్నది, రోడ్డు మీద అన్నీ పెద్ద బండ్లే, మనవాళ్ళు సేఫ్‌గా ఉండాలి." మనవాళ్ళంటే ఎవరండీ? బండి లోపల ఉన్నప్పుడు మాత్రమే మనవాళ్ళా? దిగి బస్సు కోసం నడిచిన ఆ యాభై అడుగులూ ఆ పిల్ల ఎవరి పిల్ల?

నేను అరిచాను. పండుగకు పిలవరు, తెలుసు.

ఇవాళ పొద్దున్న మళ్ళీ నాలుగు అంగుళాలు. ఎదురింటాయన స్టూలెక్కి ఉన్నారు. పెద్దావిడ తన వాకిలి ముగించి, ఆ గోడ దగ్గరికి వెళ్ళి హైడ్రంట్ చుట్టూ తవ్వుతోంది. తవ్వి, ఆగి, ఊపిరి పీల్చుకుంటోంది. బస్సుకు ఇంకా ఇరవై నిమిషాలు. వ్యాసం ఇక్కడ ఆపుతున్నాను, నా పార గరాజ్‌లో ఉంది.