కేబుల్ తీసి హైడ్రాలిక్ పెడితే క్లచ్ సగం తేలికవుతుందా?

పాత స్పోర్ట్స్ కార్లంటే ప్రాణం పెట్టేవాళ్ళు మన మహబూబ్‌నగర్, నల్లగొండల్లోనూ ఉన్నారు. కొన్నాళ్ళుగా వాళ్ళ ఫోన్లలో ఒక వీడియో తిరుగుతోంది. పాత పోర్షే 911 లాంటి కేబుల్ క్లచ్ కార్లకు కేబుల్ పీకేసి, ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ను కదిలించే హైడ్రాలిక్ కిట్ పెట్టించుకోమని అందులో చెప్తున్నారు. పెడల్ బరువు సగానికి తగ్గుతుంది, పోర్షే కంపెనీయే తర్వాత ఆ పని చేసింది, కేబుల్ ఎప్పుడో ఒకప్పుడు తెగి రోడ్డు మీద నిలబెడుతుంది, హైడ్రాలిక్‌కు మెయింటెనెన్స్ ఉండదు, ఒక్క సాయంత్రంలో పని అయిపోతుంది, కావాలంటే మళ్ళీ పాతది పెట్టుకోవచ్చు. ఇవీ అందులోని మాటలు. "అన్నా, కిట్ తెప్పించమంటావా?" అని అడిగే కుర్రాళ్ళు ఎక్కువయ్యారు. ఈ పని మీదే బతికేవాణ్ణి కాబట్టి జవాబు వివరంగా రాస్తున్నాను. హైడ్రాలిక్ క్లచ్ చెడ్డదని నేను అనను. పెడల్ ఎందుకు బరువెక్కిందో చూడకుండా కిట్ కొనిపిస్తున్నారన్నదే నా అభ్యంతరం.

ముందుగా ఆ సగం బరువు సంగతి. కాలికి తగిలే బరువు, క్లచ్ ప్లేట్‌ను నొక్కి పట్టే ప్రెషర్ ప్లేట్‌లోని డయాఫ్రమ్ స్ప్రింగ్‌ది. కేబులైనా ఆయిలైనా కాలి బలాన్ని అక్కడికి మోసుకుపోతాయి తప్ప కొత్త బలం పుట్టించవు. సిలిండర్ల సైజు మార్చి పెడల్‌ను తేలిక చేయవచ్చు, నిజమే. కానీ దానికి ధర దూరంలో కట్టాలి. పలుగుతో బండరాయి లేపేటప్పుడు చెయ్యి ఎంత దూరం పోయినా రాయి కొంచెమే కదులుతుంది చూడండి, ఇదీ అంతే.

లెక్క వేసి చూద్దాం. పెడల్ దగ్గర ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ బోరు (లోపలి వ్యాసం) 19 మి.మీ., గేర్‌బాక్స్ దగ్గర ఆ ఆయిల్‌తో కదిలే స్లేవ్ సిలిండర్ బోరు 22 మి.మీ. అనుకోండి. బలం దాదాపు 1.34 రెట్లు అవుతుంది. మాస్టర్ పిస్టన్ 30 మి.మీ. జరిగితే స్లేవ్ 22 మి.మీ. పైచిలుకు జరుగుతుంది. ఇంకా తేలిక కావాలని స్లేవ్‌ను 25 మి.మీ. బోరుకు మారిస్తే బలం 1.73 రెట్లు, జరిగేది మాత్రం 17 మి.మీ. చిల్లర. క్లచ్‌ను విడదీసే రిలీజ్ ఫోర్క్ పూర్తిగా కదలడానికి 22 మి.మీ. కావాల్సిన బండిలో 17 దొరికితే క్లచ్ పూర్తిగా విడవదు. పెడల్ మెత్తగా ఉంటుంది, రివర్స్ వేస్తుంటే గరగరమంటుంది, గేర్ల వేగాలు కలిపే సింక్రో రింగులు అరిగిపోతాయి. 911లో 1972 నుంచి 1986 దాకా వచ్చిన 915 గేర్‌బాక్స్‌కు సింక్రోలే నాజూకు భాగం. కాలి సుఖం కోసం గేర్‌బాక్స్‌ను బలిపెట్టే బేరం ఇది.

మరి పెట్టించుకున్నవాళ్ళు తేలికైందని చెప్తున్నారు కదా అంటారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. ఆయిల్ పైపు ఎన్ని వంపులు తిరిగినా రాపిడి పెరగదు, కేబుల్‌కు వంపు వంపుకీ పెరుగుతుంది. కేబుల్ మొత్తం మీద 90 డిగ్రీలు వంగిందనుకుందాం. రాపిడి గుణకం 0.1 ఉన్న మంచి కేబుల్ అయితే కాలు సుమారు 17 శాతం ఎక్కువ లాగాలి. అదే కేబుల్ దుమ్ము పట్టి, లోపలి పొర అరిగి గుణకం 0.3కు చేరితే 60 శాతం ఎక్కువ లాగాలి. మన ఎర్రమట్టి రోడ్ల మీద తిరిగిన బండికి ఇది మామూలే. అంటే హైడ్రాలిక్ గెలిచింది చచ్చిపోయిన కేబుల్ మీద. కొత్త కేబుల్‌తో పోల్చి చూపించిన వీడియో నాకు ఇంతవరకూ కనబడలేదు.

ఇంకో సంగతి ఉంది, నా దృష్టిలో అసలైనది ఇదే. క్లచ్ ప్లేట్ అరిగేకొద్దీ డయాఫ్రమ్ స్ప్రింగ్‌లో వేళ్ళలా ఉండే రేకుల కోణం మారి పెడల్ గట్టిపడుతుంది. పెడల్ కింద బుష్‌లు అరిగితే గట్టిపడుతుంది. రిలీజ్ ఫోర్క్ షాఫ్ట్ గ్రీజు లేక ఎండిపోతే గట్టిపడుతుంది. కేబుల్ క్లచ్ 911ల్లో తర్వాత వచ్చిన మోడళ్ళకు గేర్‌బాక్స్ దగ్గర కాలికి సాయం చేసే స్ప్రింగ్ ఒకటి ఉంటుంది, దాని అమరిక తప్పినా గట్టిపడుతుంది. కిట్ బిగించేటప్పుడు ఏం చేస్తారు? పెడల్ బాక్స్ దింపుతారు, కొత్త బుష్‌లు వేస్తారు, ఎలాగూ విప్పాం కదా అని చాలామంది ప్లేట్, ప్రెషర్ ప్లేట్, బేరింగ్ కూడా మార్చేస్తారు. ఇన్ని ఒకేసారి మార్చి, తేలికైన పెడల్ ఘనత మొత్తం ఆయిల్‌కు ఇస్తే ఎలా? ఆ బుష్‌లు, ఆ ప్లేటే మార్చి కొత్త కేబుల్ వేసి ఉంటే పెడల్ చాలావరకు అంతే తేలికయ్యేది.

పోర్షేనే మార్చింది కదా అన్నది రెండో మాట. 1987 మోడల్ నుంచి 911కు హైడ్రాలిక్ క్లచ్ వచ్చిన మాట వాస్తవం. కానీ కంపెనీ కేబుల్ ఒక్కటే తీసి పైపు వేయలేదు. జి50 అనే పూర్తిగా వేరే గేర్‌బాక్స్ తెచ్చింది, క్లచ్ సైజు పెంచింది, ఆ గేర్‌బాక్స్ పట్టడానికి వెనక సస్పెన్షన్‌లోని టోర్షన్ బార్ ట్యూబును కూడా మార్చింది. అన్నీ ఒకదానికొకటి లెక్క కట్టి చేసిన మార్పు అది. పాత 915కు బయటి సిలిండర్ తగిలించడం ఆ పనితో సమానం కాదు. కేబుల్ అంటేనే నాసి అనుకునేవాళ్ళకు ఇంకో మాట: 1968, 1969, 1970లో వరసగా మాంటే కార్లో ర్యాలీ గెలిచిన 911లు కేబుల్ క్లచ్‌వే. మన ఊళ్ళ సంగతికొస్తే 1983 నుంచి 2014 దాకా వచ్చిన మారుతి 800 కేబుల్‌దే. సంక్రాంతికి పంతంగి టోల్‌గేట్ దగ్గర కిలోమీటర్ల కొద్దీ క్యూలో ఆ కార్లు నడిపినవాళ్ళు ఎంతమంది లేరు!

కేబుల్ తెగి నిలబడిపోతామన్న భయం సహజమే. శ్రీశైలం పోతూ మన్ననూరు దాటాక నల్లమలలో తెగితే మెకానిక్ దొరకడు, రాత్రి 9 తర్వాత చెక్‌పోస్టు దగ్గర గేటు కూడా వేసేస్తారు. అయితే కేబుల్ చాలాసార్లు ముందే చెప్పి తెగుతుంది. చివర ఒక్కో పోగు విడిపోతుంది, పెడల్ గరుకుగా తగులుతుంది, ఫ్రీ ప్లే (పెడల్ తొక్కగానే పట్టు దొరికేలోపు ఉండే ఖాళీ) ఊరికే పెరుగుతుంది. సర్వీసుకు వచ్చినప్పుడల్లా రెండు చివర్లూ చూస్తే చాలు. డిక్కీలో ఒక కొత్త కేబుల్ పెట్టుకోవచ్చు. స్లేవ్ రబ్బరు పోయినా పెడల్ నేలకు అంటుకుంటుంది, అక్కడ రోడ్డు పక్కన సీల్ మార్చి గాలి తీయడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఏది పోయినా సరే, ఇంజిన్ ఆపి ఫస్ట్ గేర్ వేసి స్టార్టర్ తిప్పితే పాత కారు కదులుతుంది, సమతల రోడ్డు మీద మెల్లగా దగ్గరి ఊరు చేరవచ్చు. ఘాట్ మలుపుల్లో మాత్రం ఆ సాహసం చేయవద్దు.

మెయింటెనెన్స్ ఉండదన్న మాటకు నాకు నిజంగా కోపం వస్తుంది, ఎందుకంటే దాన్ని నమ్మినవాడు ఆయిల్ వైపు చూడడు. హైడ్రాలిక్ క్లచ్‌లో పోసేది బ్రేక్ ఆయిలే, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. సిలిండర్ లోపల తుప్పు కూడా ఆ తేమ వల్లే. రెండేళ్ళకోసారి మార్చాల్సిందే. పైగా స్పోర్ట్స్ కారు నెలల తరబడి షెడ్డులోనే ఉంటుంది, నల్లగొండ మే నెల ఎండకు కదలకుండా ఉన్న రబ్బరు సీళ్ళు ఎండి కారడం మొదలుపెడతాయి. కారిన ఆయిల్ పెయింటును తినేస్తుంది. తగ్గింది కదా అని ఎవరైనా ఇంజిన్ ఆయిల్ పోశారా, సీళ్ళన్నీ ఉబ్బి మొత్తం సిస్టమ్ పాడవుతుంది. ప్లేట్ అరిగేకొద్దీ హైడ్రాలిక్ దానంతట అదే అడ్జస్ట్ అవుతుందన్నది మాత్రం ఒప్పుకుంటాను, అది హైడ్రాలిక్‌కు ఉన్న నిజమైన లాభం. అయితే పెడల్ నుంచి మాస్టర్ పిస్టన్‌ను నెట్టే పుష్‌రాడ్‌కు కొద్దిపాటి ఖాళీ ఉండాలి. లేకపోతే ఆయిల్ వెనక్కి పోయే రంధ్రం మూసుకుని, వేడికి ఒత్తిడి పెరిగి క్లచ్ స్లిప్ అవుతుంది.

ఒక్క సాయంత్రం పనా? కిట్ బిగించడం వరకైతే కావచ్చు. కానీ పెడల్ నిష్పత్తి 5 అయితే, అంటే పెడల్ కాలి బలాన్ని 5 రెట్లు చేస్తే, కాలు 15 కిలోలు తొక్కినప్పుడు పుష్‌రాడ్ మీద 75 కిలోలు పడతాయి. ఆ భారాన్ని మాస్టర్ సిలిండర్ బిగించే పాత రేకు మీద మోపితే రేకు ఊగుతుంది, ఊగినంత మేర స్ట్రోక్ పోతుంది, కొన్నాళ్ళకు పగుళ్ళు వస్తాయి. వెనక గట్టి పలక వేసి బలపరచడమే అసలు పని, దానికే టైమ్ పడుతుంది.

మళ్ళీ పాతది పెట్టుకోవచ్చన్నది కోతలు, వెల్డింగులు లేకుండా బోల్టులతో కూర్చునే కిట్లకే వర్తిస్తుంది. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటిన బండికి ఆ రిజిస్ట్రేషన్ కావాలంటే ఛాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపంలో ఉండాలి. రేకు కోసేముందు ఆ సంగతి గుర్తుంచుకోండి.

ఇంజిన్ మార్చడం వల్ల కేబుల్‌కు దారే లేనప్పుడు, స్టీరింగ్ ఒక వైపు నుంచి ఇంకో వైపుకు మార్చినప్పుడు హైడ్రాలిక్ సరైన దారి. అలాంటి బండికి నేనే పెట్టమంటాను. మిగతావాళ్ళు ముందు ఫోర్క్ దగ్గర కేబుల్ విప్పి పెడల్ ఒక్కదాన్నే చేత్తో ఆడించి చూడండి. అక్కడే పట్టేస్తే బుష్‌లు. పెడల్ వదులుగా ఉండి కేబుల్ తీగ గొట్టంలో సులువుగా జారకపోతే కేబుల్ మార్చండి. లోపల నైలాన్ పొర ఉన్న కేబుల్‌లో ఆయిల్ పోయవద్దు. రెండూ బాగుంటే ఫోర్క్ షాఫ్ట్, క్లచ్ ప్లేట్ వైపు చూడాలి. ఇవన్నీ సరిచేశాక కూడా కిట్ కావాలనిపిస్తే, అమ్మేవాణ్ణి మాస్టర్ బోరు, స్లేవ్ బోరు, స్లేవ్ ఎన్ని మి.మీ. జరుగుతుందో అడగండి. ఈ మూడూ చెప్పలేనివాడి దగ్గర కొనకండి.