పిల్లలే లేకపోతే ఎంత బాగా సాగేదో!

ఐర్లండ్‌లో పిల్లల హర్లింగ్ (కర్రాబంతీ ఆట) ఛాంపియన్‌షిప్ నిర్వహణలో ఇప్పటికీ ఎవరూ సరిదిద్దని లోపం ఒకటుంది. అందులో పిల్లలు ఆడుతున్నారు.

1884 నవంబరు 1న టిప్పరరీ కౌంటీలోని థర్లెస్‌లో, ఒక హోటల్లో ఈ ఆటని నడిపే జీఏఏ (గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్) పుట్టింది. అప్పటినుంచి సంస్థ ఊరికే కూర్చోలేదు. కౌంటీకో కమిటీ వేసింది, దాని తీర్పు నచ్చనివాళ్ళకి ప్రావిన్సు కౌన్సిల్ పెట్టింది, అదీ నచ్చకపోతే కేంద్ర అప్పీళ్ళ కమిటీ పెట్టింది. 2005లో వీటన్నిటి పైనా వివాదాల పరిష్కారానికి ఒక అథారిటీ కూడా వెలిసింది. ఇంత పకడ్బందీ యంత్రాంగం చివరికొచ్చి ఎక్కడ ఆగుతుందంటే, హెల్మెట్ పట్టీ నములుతూ బంతి ఎటుపోయిందో చూడని పన్నెండేళ్ళ వాడి దగ్గర.

కొత్తవాళ్ళ కోసం ఆట సంగతి నాలుగు ముక్కల్లో. జట్టుకి 15 మంది. చేతిలో యాష్ కర్రతో చేసిన హర్లీ. దాని అడుగున వెడల్పుగా ఉండే భాగాన్ని ‘బాస్’ అంటారు, మైదానంలో ఆ ఒక్క బాసే నోరెత్తదు. బంతి పేరు స్లిటర్, పెద్దల బంతి 110 నుంచి 116 గ్రాములు తూగుతుంది. హెచ్ ఆకారపు పోస్టుల మధ్య అడ్డకర్ర కిందినుంచి పోతే గోలు, 3 పాయింట్లు, ఆకుపచ్చ జెండా. పైనుంచి పోతే 1 పాయింటు, తెల్ల జెండా. స్కోరు గోల్స్, పాయింట్లు విడివిడిగా రాస్తారు కాబట్టి 2-9 కొట్టిన జట్టు 0-16 కొట్టిన జట్టు చేతిలో ఓడుతుంది. ఎందుకంటే మొదటిది పదిహేను, రెండోది పదహారు. గ్రూపులో ఇద్దరు సమానంగా నిలిస్తే స్కోరు తేడా దాకా లెక్క పోతుంది. అందుకే ఆఖరి గ్రూపు మ్యాచ్ రోజున గట్టు మీది తండ్రులందరూ మూడో ఎక్కం అప్పజెప్పుతున్నట్టు కనిపిస్తారు.

సీజన్ మొదలయ్యేది మైదానంలో కాదు, చలికాలంలో, గ్రేడ్ల దగ్గర. ఏ, బీ, సీ, డీ అని బలాన్ని బట్టి క్లబ్బుల్ని విడగొడతారు. ‘మా జట్టు గొప్పది, మమ్మల్ని ఏలో వెయ్యండి’ అని క్లబ్బు తనంతట తాను అడిగిందంటే అందులో ఎవరికో కొత్తగా పదవి వచ్చిందని అర్థం. అనుభవజ్ఞులు బీద అరుపులు అరుస్తారు. మా దగ్గర పద్నాలుగు మందే, అందులో ముగ్గురు ఫుట్‌బాల్ పిల్లలు, గోల్‌కీపరుకి కళ్ళజోడు. రేషన్ కార్డుకి అర్జీ పెట్టుకునేటప్పుడు మనవాళ్ళు కూడా స్కూటరు పక్కింటి గోడ వెనక పెట్టరూ, అలాగే వీళ్ళు ఎత్తుగా ఉన్న కుర్రాణ్ణి గ్రేడింగ్ అయ్యేదాకా బయటికి కనపడనివ్వరు.

వయసు లెక్కకి గీత జనవరి 1. అండర్-13 అంటే ఆ రోజుకి పదమూడు నిండి ఉండకూడదు. జనవరి మొదటి వారంలో పుట్టినవాడూ డిసెంబరు ఆఖర్లో పుట్టినవాడూ ఒకే గ్రేడు. మధ్యలో దాదాపు ఏడాది తేడా, అంటే ఆ వయసులో ఓ నాలుగు వేళ్ళ ఎత్తు. జనవరి వాడికి సహజ ప్రతిభ ఉందని అందరూ గుర్తిస్తారు. డిసెంబరు వాణ్ణి కార్నర్ ఫార్వర్డ్‌లో, అంటే అవతలి గోలు దగ్గర ఓ మూలన నిలబెడతారు. పిల్లలు తిన్నగా పెరగకపోవడం వల్ల వచ్చే చిక్కే ఇది. కమిటీ తప్పేమీ లేదు.

తర్వాత హర్లీ. నిటారుగా నిలబడితే కర్ర పైకొస తుంటి ఎముక దగ్గరికి రావాలి, అంతే కొలత. కానీ ఏ ఇంట్లోనైనా బడి చొక్కా కొన్న పద్ధతిలోనే దీన్నీ కొంటారు: రెండేళ్ళు రావాలని. హర్లీ రెండు అంగుళాలు పొడవైతే ఏమవుతుందో దగ్గరుండి చూడాలి. నేలమీది బంతిని లేపడానికి పిల్లాడు మోకాళ్ళు వంచి, కర్రని దాదాపు నేలకి సమాంతరంగా పెట్టి, కొసని బంతి కిందికి పొడవాలి. దాన్నే జాబ్ లిఫ్ట్ అంటారు. కర్ర పొడవైతే వంగగానే పిడి తిన్నగా పొట్టలో గుచ్చుకుంటుంది. రెండుసార్లు గుచ్చుకున్నాక వాడు వంగడం మానేస్తాడు. వంగకపోతే బంతి ముందుకు దొర్లిపోతుంది. దాని వెనకాల నడుచుకుంటూ పోయేవాణ్ణి చూసి ‘వీడికి ఆకలి లేదు’ అంటారు గట్టు మీదివాళ్ళు. వాడికున్నది కడుపు నొప్పి.

ఇక పట్టు. కుడిచేతి వాటం పిల్లాడికి కుడిచెయ్యి పైన, పిడి కొస దగ్గర ఉండాలి. పరిగెత్తేటప్పుడు కర్ర ఆ ఒక్క చేతిలోనే ఉంటుంది, ఎడమచెయ్యి బంతి పట్టుకోవడానికి ఖాళీగా ఉంటుంది, కొట్టేటప్పుడు మాత్రం కిందికొచ్చి కలుస్తుంది. క్రికెట్ బ్యాటు దీనికి సరిగ్గా తలకిందులు: కుడిచేతి వాటానికి ఎడమచెయ్యి పైన. డబ్లిన్‌లో స్థిరపడి ఆదివారం పెరట్లో కొడుక్కి స్వయంగా పాఠం చెప్పే తెలుగు తండ్రికి ఈ సంగతి ఎవరూ చెప్పరు. మంగళవారం ట్రైనింగులో మెంటరు చేతులు మార్పిస్తాడు, ఆదివారం నాన్న మళ్ళీ మార్పిస్తాడు. పిల్లాడు బుధవారం నుంచి శనివారం దాకా సరిగ్గా ఆడతాడు. మ్యాచ్ సోమవారం.

అసలు మ్యాచ్ జరగాలంటే తేదీ కుదరాలి కదా. మే నెలలో చర్చిలో పిల్లల ఫస్ట్ కమ్యూనియన్ వేడుకలు: ఆడేవాడిది కాకపోయినా చెల్లెలిది ఉంటుంది. జూన్‌లో అన్నయ్య పరీక్షలు. అవి అయ్యేసరికి సగం మంది ఐరిష్ నేర్చుకోవడానికి మూడు వారాల పాటు ఆ భాష మాట్లాడే గేల్‌టాక్ట్ ప్రాంతాలకి పోతారు, మిగతా సగం స్పెయిన్ పోతారు. ఒక వారం హర్లింగ్ అయితే ఇంకో వారం గేలిక్ ఫుట్‌బాల్, ఆడేది మాత్రం అదే పిల్లలు. 2022 నుంచి పెద్దల కౌంటీ సీజన్ జులైకల్లా ముగుస్తోంది కాబట్టి, ఆపైన మైదానాలన్నీ పెద్దల క్లబ్బు మ్యాచ్‌లకి పోతాయి. పిల్లల మెంటర్లలో కొందరు వాటిలో ఆటగాళ్ళు. అన్నీ కుదిరిన సాయంత్రం మైదానంలో నీళ్ళు నిలుస్తాయి. వాయిదా వెయ్యమంటే అవతలి క్లబ్బు ఎంతో విచారం ప్రకటించి వాకోవర్ తీసుకుంటుంది. ఆలు లేదు చూలు లేదు, కప్పు మీద చెక్కే పేరు మాత్రం సిద్ధం.

మ్యాచ్ రోజు ముఖ్యమైన ఆట ఒక కాగితం మీద జరుగుతుంది. రిఫరీకి ఇచ్చే జట్టు జాబితాలో పేర్లు ఐరిష్‌లో ఉండాలి. మర్ఫీ అక్కడ ఓ మురఖూ అవుతాడు. రెడ్డి ఏమవుతాడన్న ప్రశ్న ఒక మెంటరు చేతిలో పెన్నుని చాలాసేపు ఆపగలదు. ఫిర్యాదులైతే, ఐర్లండ్‌లో తయారైన నీటిముద్ర కాగితం మీదే రాయాలన్న నిబంధన చాలాకాలం ఉండేది. మైదానంలో పన్నెండు పాయింట్ల తేడాతో ఓడినా కాగితం మీద గెలిచే దారి ఉందని అప్పట్లోనే తెలిసిపోయింది కాబట్టి, ఆ మక్కువ నేటికీ తగ్గలేదు.

గోలు దగ్గర తెల్ల కోటు వేసుకుని జెండా ఊపే అంపైర్లు ఒక్కో వైపు ఇద్దరు. పిల్లల మ్యాచ్‌లో వాళ్ళు ఎవరో ఒకరి నాన్నలు. పోస్టు పైకొసని దాటి ఎత్తున వెళ్ళిన బంతి లోపలా బయటా అన్నది వాళ్ళ నిజాయితీకి, మెడ నొప్పికి వదిలేశారు. మనుషుల్ని నమ్మలేమని డబ్లిన్‌లో జీఏఏ పెద్ద స్టేడియం క్రోక్ పార్కులో, బంతి దారిని కెమెరాలతో లెక్కగట్టే హాక్-ఐ పెట్టారు. 2013 ఆగస్టులో అండర్-18 అఖిల ఐర్లండ్ సెమీఫైనల్లో లిమరిక్ కౌంటీ కుర్రాడు కొట్టిన బంతి పోస్టుల మధ్యలోంచి వెళ్తున్నట్టు పెద్ద తెరమీద బొమ్మ చూపించింది, పక్కనే ‘నీల్’ అని రాసింది. ఐరిష్‌లో ‘కాదు’ అని. పాయింటు ఇవ్వలేదు, ఆట అదనపు సమయానికి వెళ్ళింది, అవతలి జట్టు గాల్వే గెలిచింది. యంత్రాన్ని అమర్చడంలో మనిషి చేసిన పొరపాటని తర్వాత ఒప్పుకున్నారు. మళ్ళీ ఆడించమని లిమరిక్ పెట్టుకున్న విన్నపాన్ని తోసిపుచ్చారు. పెద్దలు ఒకేసారి కళ్ళనీ యంత్రాన్నీ కమిటీనీ ఇంత చక్కగా సమన్వయం చేసిన సందర్భం మరొకటి లేదు.

పన్నెండేళ్ళ లోపు వాళ్ళకి మాత్రం ‘గో గేమ్స్’ అని ఓ పద్ధతి ఉంది. పట్టికలు లేవు, ఫైనల్స్ లేవు, అందరూ ఆడాలి. స్కోరు ప్రకటించరు. గట్టు మీద మాత్రం చేతులు జేబుల్లో పెట్టుకున్న ప్రతి పెద్దమనిషీ జేబులో వేళ్ళు ముడుస్తూ ఉంటాడు. ఆట అయ్యాక ‘ఎంతకి గెలిచారు?’ అని తాతయ్య ఫోన్లో అడిగితే నిజంగానే తెలియనివాడు ఆడినవాడొక్కడే.

మ్యాచ్ మధ్యలో అరుపులు ఒక శాస్త్రం. బంతి కాళ్ళ దగ్గరికి రాగానే మెంటరు ‘లిఫ్ట్ ఇట్!’ అంటాడు, అంటే పైకి తీసుకో. నాన్న ‘పుల్ ఆన్ ఇట్!’ అంటాడు, అంటే తియ్యకుండా నేలమీదే బాదు. వెనకనించి అమ్మ ‘హెల్మెట్ బిగించుకో’ అంటుంది. (ముగ్గురిలో నిబంధనల ప్రకారం మాట్లాడింది ఆవిడే. ముఖకవచం ఉన్న హెల్మెట్ తప్పనిసరి.) పిల్లాడు ముగ్గురి మాటా వినాలని కర్ర పైకెత్తి, సగంలో ఆగి, వంగబోతాడు. ఆ సగం క్షణం చాలు. వెనక నుంచి అవతలి వాడి కర్ర వచ్చి వీడి కర్రకి తగులుతుంది. దాన్ని హుక్ అంటారు. చాలా అందమైన విద్య, అవతలి గట్టు చప్పట్లు కొడుతుంది.

ఫైనల్ సెప్టెంబరులో అనుకుంటే అక్టోబరులో అవుతుంది. గెలిచిన కెప్టెన్ స్టాండు మీదికెక్కి, ‘ఈ కప్పు అందుకోవడం నాకెంతో సంతోషం’ అని ఐరిష్‌లో బట్టీ పట్టిన వాక్యం చెప్తాడు, ఓడినవాళ్ళకి మూడుసార్లు హిప్ హిప్ హుర్రే అనిపిస్తాడు, చిప్స్ కొట్టుకి పరిగెడతాడు. అక్కడికి పిల్లల పని అయిపోయింది.

బీ గ్రేడు గెలిచిన క్లబ్బుని వచ్చే ఏడాది ‘ఏ’ గ్రేడుకి పంపుతూ కౌంటీ నుంచి ఉత్తరం వస్తుంది. కప్పు క్లబ్బు బీరువాలోకి ఇంకా చేరలేదు, చిప్స్ కొట్టు బల్ల మీద వెనిగర్ మరకలతో ఉంది. దాని పక్కనే కార్యదర్శి కూర్చుని, మావాళ్ళలో పనికొచ్చే ఏడుగురికీ వయసు దాటిపోతోంది, మిగిలినవాళ్ళకి కర్ర పట్టుకోవడం కూడా రాదు, మమ్మల్ని దయచేసి సీకి దించండి అని అప్పీలు రాస్తున్నాడు.