విసర్గ పక్కన సమానం

2018 జూలై 12న ఒక రాజు యుద్ధం గెలిచి, ఆ గెలుపు తెచ్చిన అలసటతో సింహాసనం దిగిపోయాడు. రాజు పేరు గిడో వాన్ రోసమ్, పుట్టింది నెదర్లాండ్స్‌లో, రాజ్యం పేరు పైథాన్, అదో ప్రోగ్రామింగ్ భాష. యుద్ధం దేనికయ్యా అంటే రెండు చుక్కలకీ, వాటి పక్కన రెండు గీతలకీ. మన పలక భాషలో చెప్పాలంటే, విసర్గ పెట్టి పక్కన సమానం గుర్తు పెట్టడానికి.

ఇంత చిన్న గుర్తు కోసం అంత పెద్దమనిషి వెళ్లిపోవాలా అని తెలియనివాళ్లు అడుగుతారు. తెలిసినవాళ్లు అసలు గుర్తు చిన్నదని ఒప్పుకోరు. నేను తెలిసినవాళ్ల పక్షం. ప్రోగ్రామింగ్ భాషలో చుక్క ఎక్కడ పెట్టాలి అన్న చర్చను మించిన పౌరధర్మం మరొకటి లేదని ఇవాళ నిరూపించి తీరుతాను. మీ ప్రోగ్రాం బిల్డ్ అయ్యేలోగా చదివేయొచ్చు.

ముందు ఆ గుర్తు సంగతి. బజారులో వంకాయ చేతిలోకి తీసుకోవడం ఒక పని. పుచ్చు ఉందా అని తిప్పి చూడడం రెండో పని. పైథాన్‌లోనూ అంతే, ఒక విలువని పేరు పెట్టి తీసుకోవడానికీ, అది ఎలా ఉందో చూడడానికీ ఎన్నో ఏళ్లుగా రెండు లైన్లు రాసేవాళ్లం. కొత్త గుర్తు := వచ్చాక తీసుకుంటూనే చూడొచ్చు, ఒక లైను మిగులుతుంది. గుర్తుని పక్కకి తిప్పి చూస్తే రెండు కళ్లు, కిందికి రెండు కోరలు కనపడతాయి కాబట్టి దానికి వాల్రస్ అని పేరొచ్చింది. వాల్రస్ అంటే ఉత్తర ధ్రువం వైపు మంచు సముద్రాల్లో ఉండే కోరల జంతువు. మన గోదావరిలో దొరకదు కాబట్టి తెలుగు పేరు లేదు, నేను విసర్గ-సమానం అనే పిలుస్తాను. తొంభైల్లో పాస్కల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్నవాళ్లకి ఈ గుర్తు పాత చుట్టమే. పాస్కల్‌లో అది ఇంటి పెద్దకొడుకు, ప్రతి లైన్లో ఉంటుంది, ఎవరూ కన్నెత్తి చూసేవారు కాదు. అదే గుర్తు పైథాన్ గడప తొక్కగానే సంసారం కూలిపోతుందన్నారు.

వ్యతిరేకించినవాళ్ల వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. పైథాన్‌కి ఒక సుభాషితాల పట్టిక ఉంది, టిమ్ పీటర్స్ రాశారు. సుభాషితాలు ఇరవై అని చెప్పి పంతొమ్మిదే రాశారు, ఆ ఇరవయ్యోది ఏమిటో అదో రహస్యం. అందులో ఒకటి ఏమంటుందంటే, ఏ పనికైనా స్పష్టమైన దారి ఒకటుండాలి, ఒక్కటే ఉంటే మరీ మంచిది. మరి వంకాయ చూడడానికి ఉన్న దారి చాలదా, రెండోది ఎందుకు? న్యాయమైన ప్రశ్నే. చిక్కల్లా ఏమిటంటే, విసర్గ-సమానం ప్రతిపాదన మీద సంతకం పెట్టిన ముగ్గురిలో ఆ సుభాషితాలు రాసిన టిమ్ పీటర్స్ కూడా ఉన్నారు. వేదం రాసినాయన పక్కనే కూర్చుని ఉండగా ఆయనకే వేదం అప్పచెప్పారన్నమాట. భక్తి అంటే అలా ఉండాలి.

ఇక ఆ ఒక్క దారి సూత్రం ఎంత నిష్ఠగా అమలవుతోందో చూడాలంటే ఒక వాక్యంలో పేరు ఇరికించి చూడండి. శాతం గుర్తుతో చేయొచ్చు, ఫార్మాట్ అనే మెథడ్‌తో చేయొచ్చు, టెంప్లేట్‌తో చేయొచ్చు, 2016 నుంచి ముందు ఎఫ్ అక్షరం తగిలించి చేయొచ్చు. అవి చాలవని 2025లో 3.14 వెర్షన్‌తో టీ అక్షరం కూడా వచ్చింది. టీ చేసే పని వేరని పెద్దలు వివరిస్తారు. నిజంగానే వేరు. మా అత్తగారింట్లో నాలుగు రకాల ఆవకాయ కూడా దేనికది వేరే.

ఒక చిన్న ముచ్చట. 2009 ఏప్రిల్ 1న, గిడో రిటైర్ అయిపోతున్నారని, ఆయన స్థానంలో పైథాన్ బృందంలోని బారీ వార్సా వస్తున్నారని, 'సమానం కాదు' అనడానికి పాత గుర్తు తిరిగి వస్తోందని పైథాన్ వాళ్లు గంభీరంగా ప్రకటించారు. ఏప్రిల్ ఫూల్ జోకు. ఆ పాత గుర్తుని రప్పించే మంత్రం ఇప్పటికీ పైథాన్ లోపల ఉంది, నిజంగా పనిచేస్తుంది కూడా. తొమ్మిదేళ్ల తర్వాత రిటైర్మెంట్ మాత్రం జోకు కాకుండా పోయింది.

గిడోకి ఉన్న బిరుదుని తెలుగులో చెప్పుకుంటే 'బతికున్నంతకాలం దయగల నియంత'. అందరూ వాదించుకుని అలసిపోయాక ఆయన ఒక మాట అంటారు, అదే చట్టం. విసర్గ-సమానం విషయంలోనూ సరే అన్నారు, చట్టమైంది. కానీ ఒక ప్రతిపాదన కోసం ఇంత పోరాడి, చివరికి ఇంతమంది నా నిర్ణయాన్ని ఏవగించుకోవడం ఇంకోసారి నావల్ల కాదు అన్న అర్థంలో ఒక లేఖ రాసి, నియంత ఉద్యోగానికి శాశ్వత సెలవు పెట్టేశారు. వారసుణ్ణి కూడా చెప్పలేదు. మీలో మీరే చూసుకోండి అన్నారు.

చూసుకున్నారు. రాజు లేని రాజ్యంలో ప్రజలు చేసిన మొదటి పని, వాదనలు ఎలా తేల్చుకోవాలో వాదించుకోవడం. అందుకోసం ఏడు ప్రతిపాదనలు వచ్చాయి. మళ్లీ నియంత కావాలని కొందరు, ముగ్గురు చాలని కొందరు, అసలు నాయకుడే వద్దని కొందరు. డిసెంబర్‌లో ఓట్లు వేసి ఐదుగురి మండలి కావాలని తేల్చారు. 2019 మొదట్లో ఆ మండలికి ఎన్నికలు జరిగాయి. గెలిచిన ఐదుగురిలో ఒకరి పేరు గిడో వాన్ రోసమ్. దీన్ని చూసి నవ్వకండి, మన పంచాయతీల్లో ఇంతకంటే ఎక్కువే చూశాం.

మనం నవ్వకూడని కారణం ఇంకోటి ఉంది. తెలుగువాళ్లు ఈ యుద్ధంలో పైథాన్ వాళ్లకంటే వందేళ్లు సీనియర్లు. గ్రాంథికమా, వ్యావహారికమా అని గిడుగు రామమూర్తి గారు ఒకవైపు, జయంతి రామయ్య పంతులు గారు ఒకవైపు నిలబడి చేసిన పోరాటం ముందు పైథాన్ 2, పైథాన్ 3 గొడవ ఏపాటిది? 2008 డిసెంబర్‌లో పైథాన్ 3 వచ్చింది. అందులో ప్రింట్ అనే మాట తర్వాత బ్రాకెట్లు పెట్టాలన్నారు. బ్రాకెట్లతో పాటు చాలా మార్పులు వచ్చాయి, అవి బ్రాకెట్లకంటే పెద్దవి, కానీ జనానికి గుండెలో గుచ్చుకున్నవి ఆ రెండు బ్రాకెట్లే. 2015కల్లా పాత భాషకి మద్దతు ఆపేస్తామన్నారు. ఎవరూ కదల్లేదు. సరే 2020 అన్నారు. 2020 జనవరి 1న ఆపేశారు. పదకొండేళ్లలో తేల్చారు! బండి ఱ విషయం మనకి ఇంకా తేలలేదు. అక్షరమాలలో ఉంది, పుస్తకంలో లేదు, తీసేద్దామంటే ఎవరో ఒకరు లేచి నిలబడతారు. సాఫ్ట్‌వేర్‌లో దీన్నే డిప్రికేట్ చేయడం అంటారు. వాడొద్దని చెప్తారు, తీసెయ్యరు.

ఇది పైథాన్‌కి ఒక్కదానికే పట్టిన జబ్బు కాదు. రస్ట్ భాషలో 'ఎవెయిట్' అనే మాటకి చోటు వెతకడానికి నెలల తరబడి చర్చ జరిగింది. ముందు పెట్టాలా, వెనక పెట్టాలా, వెనకైతే మధ్యలో చుక్కా, ఎట్ గుర్తా, హ్యాష్ గుర్తా? చివరికి వెనక, చుక్క పెట్టి, అని తేల్చి 2019 నవంబర్‌లో విడుదల చేశారు. ఈ మాటకి అర్థం 'వేచి ఉండు' అని. వేచి ఉన్నారు.

గో భాష వాళ్లది వేరే పద్ధతి. ఆ భాషలో నాలుగు లైన్లు రాస్తే అందులో మూడు 'తప్పు జరిగిందా, జరిగితే వెనక్కి వెళ్లు' అనే ఉంటాయి. సత్యనారాయణ వ్రతంలో కథ తక్కువ, ప్రసాదం వదిలేసినవాళ్లకి పట్టిన గతి ఎక్కువ ఉన్నట్టు. దాన్ని కుదిద్దామని 2018లో ఒక ప్రతిపాదన, 2019లో ఒకటి, 2024లో ప్రశ్నార్థకంతో ఇంకోటి వచ్చాయి. ఒక్కటీ నెగ్గలేదు. 2025 జూన్‌లో గో బృందం చేతులు జోడించి, ఏకాభిప్రాయం రాలేదు, ఈ విషయంలో వాక్యనిర్మాణం మార్చే ప్రతిపాదనలు ఇక చూడం, ఉన్నదానితోనే సర్దుకుందాం అని చెప్పేసింది. ఏడేళ్ల మథనంలో అమృతం రాలేదు, హాలాహలం రాలేదు, పాలు పాలలాగే ఉన్నాయి. దీన్ని నేను ఓటమి అనను. ఇన్నేళ్లు అంతమందికి మాట్లాడుకోవడానికి ఒక విషయం దొరికింది, అది చిన్న సేవా?

జావాస్క్రిప్ట్‌లో 2018 మార్చిలో జరిగింది మాత్రం నాకు కన్నీళ్లు తెప్పించే కథ. పొరలు పొరలుగా ఉన్న జాబితాని చదును చేసే మెథడ్‌కి 'ఫ్లాటెన్' అని పేరు పెడదామనుకున్నారు. చక్కటి పేరు. కానీ మూటూల్స్ అనే పాత కోడ్ లైబ్రరీ అదే పేరుని ఎప్పుడో వాడేసుకుంది. కొత్తది వస్తే, దాని మీద ఆధారపడ్డ పాత వెబ్‌సైట్లు కూలతాయి. మరి ఏ పేరు పెడదాం అంటే ప్రతిపాదన తెచ్చినాయన వేళాకోళానికి 'స్మూష్' అన్నారు. పిసికెయ్ అన్నట్టు. జనం దాన్ని నిజమనుకుని రెండు పక్షాలుగా చీలిపోయారు. చివరికి 'ఫ్లాట్' అని పెట్టారు. ఎవరూ తలుపు తట్టని పాత ఇళ్ల కోసం రోడ్డు వంకర తిప్పినట్టయింది. అదే ధర్మం. 1976లో ప్రోగ్రాములు బిల్డ్ చేసే మేక్ అనే పనిముట్టు రాసిన స్టూవర్ట్ ఫెల్డ్‌మన్‌కి, లైను ట్యాబ్‌తో మొదలవ్వాలన్న తన నియమం తప్పని కొన్ని వారాలకే అర్థమైంది. అప్పటికే ఓ డజను మంది వాడుతున్నారు, ఎక్కువమంది స్నేహితులే. వాళ్లని ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక వదిలేశారు. ఆ డజను మంది మొహమాటం ఇవాళ ప్రపంచమంతా మోస్తోంది.

ఎందుకిలా అంటే ఫిలిప్ వాడ్లర్ అనే పండితుడు ఒక సూత్రం చెప్పాడు. భాష అర్థం మీద పెట్టే సమయానికి రెట్టింపు వాక్యనిర్మాణం మీద, దానికి రెట్టింపు అక్షరాలూ గుర్తుల మీద, దానికీ రెట్టింపు కామెంట్లు ఏ గుర్తుతో మొదలవ్వాలి అన్నదాని మీద పోతుందట. కంప్యూటర్ అసలు పట్టించుకోని కామెంట్ల మీద అర్థంకన్నా ఎనిమిది రెట్లు! ఆయన దీన్ని ఎగతాళిగా అన్నారని కొందరంటారు. ఒక్క తెలుగు పెళ్లికి వచ్చి ఉంటే ఆయనకే తెలిసేది. పిల్లాడు మంచివాడా కాదా అన్నది పది నిమిషాల్లో తేలిపోతుంది. శుభలేఖ మీద వినాయకుడు మధ్యలో ఉండాలా, ఎడమపక్క ఉండాలా అన్నదానికి ఇద్దరు పెదనాన్నలు, ఒక మేనమామ, అమెరికా నుంచి వీడియో కాల్‌లో ఒక బాబాయి కావాలి. పిల్లాడి సంగతి చెప్పాలంటే విచారించాలి. వినాయకుడి సంగతి చెప్పడానికి కళ్లుంటే చాలు.

మా ఆఫీసులోనే మొన్న జరిగింది. పేరు చెప్పను, క్యాంటీన్‌లో మైసూర్ బజ్జీ లోపల పచ్చిగా ఉంటుందన్న గుర్తు చాలు. కొత్తగా చేరిన కుర్రాడు ఇన్‌వాయిస్‌ల కోడ్ మార్చి నాలుగొందల లైన్లు రివ్యూకి పెట్టాడు. 212వ లైన్లో విసర్గ-సమానం ఉంది. రెండు రోజులు ఆఫీసు ఆఫీసంతా ఆ లైను మీదే. చదవడానికి కష్టం అన్నారు ఒకరు. చదవడం నేర్చుకోవాలి అన్నారు ఒకరు. పదిహేనేళ్ల అనుభవం ఉన్న ఒకాయన, సమస్య గుర్తు కాదు, దాని చుట్టూ ఖాళీలు పెట్టడం అని కొత్త కోణం తెచ్చారు. నేను గిడో త్యాగం గురించి మూడు పేరాలు రాశాను. కుర్రాడు పాపం ఆ లైను విడగొట్టి రెండు చేశాడు. అందరం బాగుంది అన్నాం, వెళ్లిపోయింది. సోమవారం కస్టమర్లకి పన్ను రెండుసార్లు వేసిన ఇన్‌వాయిస్‌లు అందాయి. ఆ పన్ను లెక్క మిగతా లైన్లలో ఎక్కడో ఉందట. దాని గురించి ఎవరూ అభిప్రాయం చెప్పలేదు. చెప్పాలంటే పన్ను గురించి తెలిసుండాలి కదా.

ఇంత రాశాక నేనూ ఒక ప్రతిపాదన పెట్టకపోతే బాగోదు. విలువ ఉండొచ్చు, ఉండకపోవచ్చు అని చెప్పడానికి కోట్లిన్, స్విఫ్ట్ లాంటి భాషలు ప్రశ్నార్థకం వాడతాయి. దరిద్రపు అలవాటు, ప్రతి లైనూ అనుమానపు మొగుడిలా కనపడుతుంది. మనకి అరసున్న ఉంది. 'వాఁడు' అన్న మాటలో ఒకప్పుడు నకారం ఉండేది, ఇప్పుడు లేదు, ఉండేదన్న జ్ఞాపకంగా అరసున్న పెడతాం. శూన్యంలో సగం! ఉండీ లేనిదానికి ఇంతకన్నా తగిన గుర్తు ఏ జాతి కనిపెట్టింది? దీన్ని పైథాన్‌లో ఆపరేటర్‌గా, అంటే పని చేయించే గుర్తుగా, చేర్చమని మండలికి రాయబోతూ, ముందు ఆ కుర్రాడికి చూపించాను. ఆపరేటర్ మాటకి ముందు రావాలా, తర్వాత రావాలా అని అడుగుతాడనుకున్నాను, జవాబు రెడీగా ఉంది.

"కుదరదన్నా," అన్నాడు. "పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు. అరసున్న కూడా పేరులో భాగంగా చెల్లుతుంది. నువ్వు దాన్ని ఆపరేటర్ చేస్తే, అలా రాసినవాళ్ల కోడ్ విరిగిపోతుంది."

"అరసున్నతో కోడ్ ఎవడు రాశాడ్రా?"

"నేనే అన్నా. మొన్నటి ఇన్‌వాయిస్ కోడ్‌లో కస్టమర్‌కి 'వాఁడు' అని పేరు పెట్టాను. 211వ లైను. రివ్యూలో ఎవరూ ఏమీ అనలేదు."