మాక్ డ్రిల్ రాత్రి పూట పెట్టి చూడండి

ప్రతి ఆసుపత్రిలో ఏడాదికోసారి సిబ్బందికి విపత్తు శిక్షణ ఇవ్వాలని ఈమధ్య వచ్చిన ఒక వ్యాసంలో రాశారు. మంచిదే. విశాఖ వైపు స్టాఫ్ నర్సుగా చాలా ఏళ్లు చేసి రిటైరయ్యాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. మా దగ్గర మాక్ డ్రిల్‌కు, అంటే నిజంగా విపత్తు వచ్చినట్టే చేసి చూసే రిహార్సల్‌కు, వారం ముందే సర్క్యులర్ వచ్చేది. స్ట్రెచర్లు తుడిచి వరసగా పెట్టేవాళ్లం, ఫొటోలు దిగేవాళ్లం, టీ తాగి ఎవరి వార్డుకు వాళ్లం. నైట్ డ్యూటీ వాళ్లకు ఒక్కసారీ పెట్టలేదు. 2020 మే 7న విశాఖ దగ్గర వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైంది తెల్లవారుజామున!

ముందు నేర్పాల్సింది ట్రయాజ్, అంటే ఎవర్ని ముందు చూడాలో తేల్చుకోవడం. గట్టిగా అరిచేవాళ్లకన్నా అరిచే ఓపిక కూడా లేనివాళ్లను ముందు చూడాలి. వెంటనే చూడాల్సినవాళ్లకు ఎరుపు ట్యాగు, కాసేపు ఆగగలిగితే పసుపు, నడవగలిగితే ఆకుపచ్చ. చెప్పడం తేలికే, బంధువులు చెయ్యి పట్టుకుని లాగుతుంటే చేయడమే కష్టం. రసాయనాల కేసయితే వార్డు బయటే బట్టలు మార్పించి ఒళ్లు కడిగించాలి. లేదంటే చూసేవాళ్లమూ పడిపోతాం.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కరెంటు లేదు, ఫోన్లూ లేవు. వాట్సాప్ గ్రూపును నమ్ముకున్న ప్లాను అలాంటప్పుడు ఎందుకు పనికొస్తుంది? ఫోన్లు లేకపోయినా, ఏ ఇంట్లో నెలలు నిండిన గర్భిణి ఉందో, తుపానుకు ముందే ఎవర్ని ఆసుపత్రికి చేర్చాలో ఆశా కార్యకర్తకు తెలుసు. వ్యాసంలో వాళ్ల ఊసే లేదు. శిక్షణకు వాళ్లనూ పిలవండి, బస్సు చార్జీలు ఇచ్చి మరీ.