వేగస్ నాడి గారికి బహిరంగ లేఖ

మెదడు నుంచి గుండెకీ, పొట్టకీ దిగే మహారాజశ్రీ వేగస్ నాడి గారికి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు క్షేమమేనని నిన్న మధ్యాహ్నం కంటి ఆసుపత్రిలో నలుగురి ముందూ రుజువైంది.

నిన్న జరిగింది ఆపరేషన్ కూడా కాదండీ. శుక్లం తీసే ముందు పరీక్షలు, అంతే. గడ్డం ఆ మిషన్ మీద పెట్టి, నుదురు పట్టీకి ఆనించాను. కంట్లో పసుపు మందు చుక్క వేశారు. "రెప్ప వేయకండి సార్, ప్రెషర్ చూస్తున్నా" అంటూ ఆ అమ్మాయి నీలం లైటు దగ్గరికి తెచ్చింది. అంతే, చెవుల్లో హోరు, అరచేతుల్లో చెమట. తమరు గుండెకి బ్రేకు వేశారు. తమ తోడుదొంగలెవరో రక్తనాళాలను వదులు చేశారు. రక్తం కాళ్లలోకి దిగిపోయింది.

కళ్లు తెరిచేసరికి చేతిలో ఎవరిదో బైకు తాళాల గుత్తి, దానికి వెంకన్న బొమ్మ. "ఫిట్స్ అచ్చినట్టుంది, ఇనుము గట్టిగ పట్టుకోనియ్యుండ్రి" అంటోంది ఒక పెద్దమ్మ. షుగర్ డౌన్ అని ఇంకొకాయన తీర్పు చెప్పాడు. సెక్యూరిటీ అతను చంకల్లో చేతులేసి లేపి మళ్లీ కుర్చీలోనే కూర్చోబెట్టేశాడు. పడిపోయినవాణ్ని పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెడితే కాసేపటికి వాడే లేస్తాడు. నిటారుగా కూర్చోబెడితే తమరికి రెండో ఆట. ఆడారు కూడా.

ఆపరేషన్ వాయిదా పడింది. ఈసీజీ తీయించుకు రమ్మన్నారు, తీయిస్తే నార్మల్. కళ్లు మసకలు కమ్మి మెహదీపట్నం బస్సు నంబరు కనపడక, ఆటో అతను అడిగినంతా ఇచ్చుకున్నాను. అవన్నీ వదిలేస్తా. ఆసుపత్రి ఫారంలో బీపీకి, షుగర్‌కి, ఆస్తమాకి గడులు పెట్టి, కళ్లు తిరిగి పడిపోయేవాళ్లకి ఒక్క గడి పెట్టకపోవడం కూడా వదిలేస్తా.

వదలనిది ఒక్కటే. నన్ను పిరికివాణ్ని చేశావు.

రాత్రి బావమరిది ఫోన్. "బావా, ఆపరేషన్ కాకముందే పడ్డావటగా! చిన్నపిల్లలు చేయించుకుంటున్నారు, కొంచెం ధైర్యం తెచ్చుకో." ఎక్కడినుంచి తెచ్చుకోను, సుల్తాన్ బజార్ నుంచా? భయమేస్తే మనిషికి గుండె దడదడ కొట్టుకోవాలి, బీపీ పెరగాలి, కాళ్లు పరుగు అందుకోవాలి. పిరికివాడైతే పారిపోతాడు. నాకు ఆ భాగ్యం కూడా లేకుండా చేశావు కదయ్యా! గుండె నెమ్మది చేసి, బీపీ దింపి, ఉన్నచోటే పడేస్తావు. కుక్కలకీ బల్లులకీ భయపడేవాళ్లు కేకలేస్తారు తప్ప ఇలా పడిపోరు. రక్తం, సూది, కన్ను అనేసరికి పడిపోవడం కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా వస్తుంది. ఇందులో ధైర్యం లెక్క ఎక్కడుంది? చెప్పు, మా బావమరిదికి నువ్వే ఫోన్ చేసి చెప్పు!

మళ్లీ అందరిదీ ఒకటే సలహా, "రిలాక్స్ అవ్వు" అని. రిలాక్స్ అయితే ఉన్న బీపీ కూడా పోతుంది. బిగించాలయ్యా, ఒళ్లు బిగించాలి! స్వీడన్ సైకాలజిస్టు ఓస్ట్ 1980ల్లోనే చెప్పాడు.

పైగా నీకు కంటితో ప్రత్యేక చుట్టరికం. కనుగుడ్డు మీద ఒత్తిడి పడినా, కంటి కండరాన్ని లాగినా మెదడు నుంచి నేరుగా వచ్చే కపాల నాడుల్లో ఐదోది మెదడుకి కబురు మోస్తుంది. అక్కడినుంచి పదో నంబరువాడివి, నువ్వు అందుకుని గుండె మీద పడతావు. 1908లోనే అష్నర్, డాగ్నిని అనే డాక్టర్లు నీ గుట్టు బయటపెట్టారు. అందుకే మెల్లకన్ను ఆపరేషన్లలో ఓ చెవి మానిటర్ మీదే ఉంచుతారు. నువ్వు వేషాలేస్తే లాగడం ఆపుతారు, అవసరమైతే నీ బ్రేకు విప్పే అట్రోపిన్ మందు ఇస్తారు.

వచ్చే గురువారం మళ్లీ వెళ్తున్నా. డాక్టరమ్మకి ముందే చెప్పేశా. చుక్కలు పడుకునే వేయించుకుంటా. కూర్చోక తప్పని చోట కాలు మీద కాలు వేసి తొడలు, పొట్ట, పిడికిళ్లు బిగిస్తా. ముఖం వేడెక్కేదాకా పది పదిహేను సెకన్లు బిగించి, కాసేపు వదిలి, మళ్లీ బిగిస్తా. ఆపరేషన్ బల్ల మీద మాత్రం ఈ కుస్తీలు వద్దన్నారు. తల కదులుతుందట, ఊపిరి బిగబట్టానంటే కంట్లో ఒత్తిడి పెరుగుతుందట. సరే, వెల్లకిలా పడుకున్నవాణ్ని ఇంకెక్కడికి పడేస్తావు?

రంజాన్ నెలంతా నేను లాగించిన హలీమ్ అరగడంలో నీ చెయ్యి ఉంది, కాదనను. పొట్ట నీదే, ఏలుకో. కంటి జోలికొచ్చావో, అట్రోపిన్ అక్కడే ఉంటుంది.

ఇట్లు,
బావమరిదికి ఇంకా జవాబివ్వని
నీ బాధితుడు