ఆనంద సూచీ: నమ్మాల్సింది ర్యాంకును కాదు

ఏటా మార్చి 20 ప్రాంతంలో వరల్డ్ హ్యాపీనెస్ రిపోర్ట్ వెలువడుతుంది. ఫిన్లాండ్ మళ్లీ మొదటి స్థానంలో నిలిచిందన్న వార్త, దాని వెంటే భారత్ పాకిస్థాన్ కంటే వెనకబడిందన్న వార్త వస్తాయి. 2025 నివేదికలో 147 దేశాలకు గాను మనది 118వ స్థానం. పాకిస్థాన్‌ది 109, నేపాల్‌ది 92. ఒక వర్గం దీన్ని పాలకుల వైఫల్యానికి రుజువుగా చూపిస్తుంది, మరో వర్గం పాశ్చాత్యుల పక్షపాతమని కొట్టిపారేస్తుంది. వారం తిరిగేసరికి అందరూ మరిచిపోతారు. మనం నిజంగా కలవరపడాల్సిన విషయం ఆ నివేదికల్లో ఒకటుంది. ర్యాంకు గొడవలో అది ఎవరి కంటా పడకపోవడమే నన్ను బాధిస్తోంది.

ముందుగా ఒక అపోహ తొలగాలి. తలసరి ఆదాయం, సామాజిక అండ, ఆరోగ్యకరమైన ఆయుర్దాయం, స్వేచ్ఛ, దాతృత్వం, అవినీతి అనే ఆరు అంశాలకు మార్కులు వేసి ఈ ర్యాంకులు ఇస్తారని మన పత్రికల్లో తరచు కనిపిస్తుంది. అది సరి కాదు. ర్యాంకు మొత్తం ఒకే ఒక ప్రశ్న మీద నిలబడి ఉంది. అభిప్రాయ సర్వేలు చేసే గాలప్ సంస్థ చాలా దేశాల్లో ఏటా సుమారు 1,000 మందిని, కొన్ని పెద్ద దేశాల్లో అంతకంటే ఎక్కువ మందిని ఇలా అడుగుతుంది: సున్నా నుంచి పది దాకా మెట్లున్న నిచ్చెనను ఊహించుకోండి, మీకు దక్కగల అత్యుత్తమ జీవితం పై మెట్టు, అత్యంత అధ్వానమైన జీవితం అడుగు మెట్టు, ఇప్పుడు మీరు ఏ మెట్టు మీద ఉన్నారు? అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త హాడ్లీ కాంట్రిల్ 1965లో ప్రచురించిన పద్ధతి ఇది. మూడేళ్ల జవాబుల సగటే దేశం స్కోరు. ఆరు అంశాలు ఆ తర్వాత వస్తాయి, దేశాల మధ్య తేడాలకు కారణాలు వెతకడానికి మాత్రమే. 2023లో మన స్థానం 126గా వచ్చినప్పుడు స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా పరిశోధన విభాగం వేరే లెక్క కట్టి అది 48 ఉండాలని చెప్పింది. కానీ తన బతుకు నాలుగో మెట్టు మీద ఉందని ఒక మనిషి చెప్పాక, కాదు ఆరో మెట్టు మీద ఉందని ఏ ఆర్థికవేత్తా దిద్దలేడు.

140 కోట్ల జనాన్ని కొన్ని వేల మందితో ఎలా కొలుస్తారన్న అభ్యంతరం అంత బలమైనది కాదు. అన్నం ఉడికిందో లేదో నాలుగు మెతుకులు పట్టి చూస్తే తెలుస్తుంది, ఆ మెతుకులను కుండ పైనుంచే కాక అడుగు నుంచీ తీయాలి, అంతే. అసలు చిక్కు ప్రశ్నలో ఉంది. అందులో ఆనందం అన్న మాటే లేదు. 2024లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం, నిచ్చెన అనగానే బ్రిటన్‌లోని వారి ఆలోచన డబ్బు, అధికారాల వైపు వెళ్తోందని, నిచ్చెన ప్రస్తావన తీసేసి అడిగితే ఆ ధోరణి తగ్గుతోందని చూపింది. నిన్న నవ్వారా, హాయిగా గడిపారా అని అదే గాలప్ సర్వేలో అడిగే వేరే ప్రశ్నల్లో పరాగ్వే వంటి లాటిన్ అమెరికా దేశాలు పలుమార్లు ముందు నిలిచాయి. అంటే ఇది జీవితంపై మనిషి తనకు తాను వేసుకునే అంచనా. దానికి ఆనందమన్న పేరు తగిలించడంతోనే సగం అపార్థం మొదలైంది.

భాష సంగతీ ఉంది. సుఖం, సంతోషం, ఆనందం, తృప్తి మనకు ఒకటి కావు. ఎలా ఉన్నారని అడిగితే ‘ఏదో అలా గడిచిపోతోంది’ అనడం మనలో మర్యాద. బాగా ఉన్నామని గట్టిగా చెబితే దిష్టి తగులుతుందని వెనకాడే వాళ్లు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. అలాంటి వారు చెప్పే ఐదూ, ఫిన్లాండ్ వాసి చెప్పే ఐదూ ఒకే బరువు తూగుతాయని నేను నమ్మలేను.

ఇక ర్యాంకుల విషయం. 2024 జాబితాలో పాలస్తీనా 103వ స్థానంలో, భారత్ 126వ స్థానంలో కనిపించాయి. యుద్ధంలో నలుగుతున్న జనం మనకంటే ఆనందంగా ఉన్నారా అని ఎందరో ప్రశ్నించారు. ఆ స్కోరు 2021 నుంచి 2023 దాకా మూడేళ్ల సగటు. పైగా పాలస్తీనాలో 2023 సర్వే అక్టోబరు యుద్ధానికి ముందే జరిగింది. ఇక ఒక ఏడాది జాబితాలో ఉన్న దేశం మరో ఏడాది ఉండదు. దేశ ప్రగతిని ప్రజల ఆనందంతో కొలవాలనే ‘స్థూల జాతీయ ఆనందం’ భావనను ప్రపంచానికి పరిచయం చేసిన భూటాన్ 2019లో 95వ స్థానంలో కనిపించి, ఆ తర్వాత జాబితాకే రాలేదు. పొరపాటుకు ఎంత అవకాశం ఉందో నివేదిక రచయితలే అచ్చు వేస్తారు. జాబితా మధ్యలో దేశాల స్కోర్లు ఎంత దగ్గరగా ఉంటాయంటే, నాలుగైదు స్థానాల ఎగుడుదిగుడుకు పెద్దగా అర్థం ఉండదు.

అయితే దేశాన్ని దేశంతో పోల్చడం మాని, మన దేశాన్ని మనతోనే పోల్చుకుంటే చిత్రం మారిపోతుంది. అప్పుడు దిష్టి భయమూ, మర్యాద మాటా రెండు వైపులా సమానంగానే ఉంటాయి. 2006 ప్రాంతంలో భారతీయుల సగటు ఐదో మెట్టుకు పైన ఉండేది. 2019 నాటికి అది నాలుగుకు కింద పడింది. సర్వే నిర్వహణలో వచ్చే చిన్న మార్పులతో ఇంత పతనాన్ని సరిపెట్టడం కష్టం. ఆ కాలంలోనే మన ఆర్థిక వ్యవస్థ శరవేగంగా పెరిగింది, పల్లెలకు రోడ్లు, కరెంటు, ఫోన్లు వచ్చాయి. ఆ తర్వాత కొంత కోలుకుని 2025 నివేదికలో 4.389కు చేరినా, పాత ఎత్తు ఇంకా అందలేదు. నేను కలవరపడాలన్నది దీని గురించే.

కారణం ఒక్కటే అయి ఉండదు. నా అనుమానం పై మెట్టు మీద ఉంది. కృష్ణా జిల్లాలోనో కరీంనగర్‌లోనో ఒక తరం కిందట మంచి జీవితమంటే పక్కా ఇల్లు, రెండెకరాల మాగాణి, ఇంట్లో ఒక సర్కారు ఉద్యోగం. ఇప్పుడు పక్కింటి అబ్బాయి డల్లాస్‌లో కొన్న ఇల్లు అదే సాయంత్రం వాట్సాప్‌లో కనిపిస్తుంది. మనం రెండు మెట్లు ఎక్కేలోపు నిచ్చెన నాలుగు మెట్లు పెరిగింది. ఈ వివరణే నిజమైతే స్కోరు తగ్గడమంటే జీవితం చెడిపోయిందని కాదు, ఆశకూ అవకాశానికీ మధ్య దూరం పెరిగిందని. ఇంజినీరింగ్ పట్టా చేతికొచ్చి ఏళ్లు గడిచినా తగిన ఉద్యోగం లేని యువతకు ఆ దూరం ఎంతో ఎవరూ వివరించనక్కర్లేదు. ర్యాంకుకు ఆధారమైన ఒకే ఒక జాతీయ సగటు మాత్రం ఆ యువకుడినీ, పింఛను మీద బతికే వృద్ధురాలినీ కలిపేస్తుంది.

ఈ విషయం మనం సొంతంగా తెలుసుకోలేనిదేమీ కాదు. బ్రిటన్ గణాంక సంస్థ 2011 నుంచి వ్యక్తిగత శ్రేయస్సుపై నాలుగు ప్రశ్నలను తన సర్వేల్లో అడుగుతోంది. మన దగ్గరే 2017-18లో వృద్ధాప్యంపై జరిగిన లాసీ సర్వే 45 ఏళ్లు పైబడిన వారు, వారి జీవిత భాగస్వాములు కలిపి 72 వేల మందికి పైగా ప్రజల జీవన తృప్తిని నమోదు చేసింది. మధ్యప్రదేశ్ 2016లో ఆనంద శాఖనే పెట్టింది. 2018 ఏప్రిల్‌లో అమరావతిలో హ్యాపీ సిటీస్ సదస్సు జరిగింది. శాఖలు, సదస్సుల కంటే తక్కువ ఖర్చుతో అయ్యే పని ఒకటుంది. జాతీయ నమూనా సర్వేలో ఆ నాలుగు ప్రశ్నలు చేర్చి, ఆదిలాబాద్‌లో గోండీలోనూ, శ్రీకాకుళంలో అక్కడి తెలుగులోనూ అడిగి, జిల్లాలవారీగా, వయసులవారీగా ఏటా ఫలితాలు బయట పెట్టాలి. అప్పుడు మార్చి నెలలో మనం ఫిన్లాండ్ గురించి కాక, నిరుడు ఏ జిల్లాలో ఏ వయసు వారి మెట్టు జారిందన్న దాని గురించి వాదించుకోగలం.