«12 వోల్టులకు ఏ మీటరైనా ఒకటే» అన్న మాట నిలవదు

వాహనాల మరమ్మతు నేర్చుకునేవారి మధ్య ఒక సలహా విస్తృతంగా తిరుగుతోంది. బండిలో ఉండేది 12 వోల్టులే గనుక వోల్టేజి, కరెంటు, నిరోధం కొలిచే మల్టీమీటరు చేతికందిన చవకది చాలునని, రబ్బరు తొడుగు ఉంటే అది గట్టిదేనని, ఖచ్చితత్వానికీ, ఏసీ అల ఏ ఆకారంలో ఉన్నా దాన్ని సరిగా కొలిచే ట్రూ ఆర్‌ఎంఎస్‌కూ పెట్టే డబ్బు దండగేనని, పాడైతే ఇంకొకటి కొనుక్కోవడమే తెలివని దాని సారాంశం. ఏళ్ల తరబడి ఈ పనిలోనే ఉన్నవాడిగా ఇందులోని ఒక్కొక్క మాటనూ పరిశీలించి చెప్పడం అవసరమనుకుంటున్నాను, ఎందుకంటే దీన్ని నమ్మి నష్టపోయేది పనిలోకి కొత్తగా వచ్చినవారే.

12 వోల్టులు మామూలుగా ఒంటికి షాక్ కొట్టవన్నది నిజం. అయితే ఇక్కడ ప్రమాదం వోల్టేజిలో కాదు, కరెంటులో ఉంది. సెల్ఫ్ మోటారు తిప్పడానికే వందకు పైగా ఆంపియర్లు ఇచ్చే బ్యాటరీ, షార్టయితే అంతకు ఎన్నో రెట్లు ఇస్తుంది. మీటరు ఎర్ర లీడును (కొలిచే తీగను) ఆంపియర్ల సాకెట్‌లోనే మరచిపోయి బ్యాటరీ వోల్టేజి చూడబోవడం ఈ పనిలో చాలామంది ఎప్పుడో ఒకసారి చేసే పొరపాటు, నేనూ చేశాను. అప్పుడు నా చేతిలో ఉన్న మీటరు మీద 10 ఆంపియర్ల సాకెట్ పక్కనే, ఫ్యూజు లేదని చిన్న అక్షరాలతో రాసి ఉంది. ఆంపియర్ల సాకెట్ దారిలో నిరోధం దాదాపు ఉండదు కాబట్టి అది బ్యాటరీని షార్ట్ చేసినట్టే. లీడు చివరనుండే ప్రోబ్ మొన టెర్మినల్‌కు తగిలీ తగలగానే అతుక్కుపోయింది, లీడు మీది ప్లాస్టిక్ మెత్తబడి పొగ లేచింది, లాగి విడదీసేసరికి మొన ఉండవలసిన చోట నల్లటి ముద్ద మిగిలింది. లోపల ఇసుక నింపిన పింగాణీ ఫ్యూజు ఉన్న మీటరులో ఇదే జరిగితే పోయేది ఆ ఫ్యూజు ఒక్కటే. చిన్న గాజు ఫ్యూజులో తీగ కరిగిన తరువాత కూడా ఆర్క్ (ఖాళీలోంచి కరెంటు దూకే మెరుపు) కొనసాగే ప్రమాదం ఉంటుంది, ఇసుక ఆ ఆర్క్‌ను ఆర్పేస్తుంది. అందుకే మన్నికైన మీటరు కావాలనేవారు మొదట చూడవలసింది, మిల్లీ ఆంపియర్లు, ఆంపియర్లు కొలిచే రెండు కరెంటు సాకెట్లకూ ఇటువంటి ఫ్యూజులు ఉన్నాయా, అవి విడిగా దొరుకుతాయా అన్నది.

హైబ్రిడ్, విద్యుత్ వాహనాల విషయంలో ఈ వాదనకు ఆధారమే లేదు. వాటి ప్రధాన బ్యాటరీలో వందల వోల్టుల డీసీ ఉంటుంది కాబట్టి క్యాట్ 3 (హఠాత్తుగా ఎగసే వోల్టేజిని తట్టుకునే భద్రతా తరగతి), 1000 వోల్టుల రేటింగు ఉన్న మీటరు, అదే రేటింగు ఉన్న లీడ్లు, తగిన చేతి తొడుగులు, శిక్షణ లేకుండా వాటిని ముట్టుకోకూడదు.

రబ్బరు తొడుగు కిందపడినప్పుడు కాపాడుతుంది, అంతవరకే. షెడ్డులో మీటర్లు చాలావరకు లీడు ప్లగ్‌లోకి వెళ్లే మెడ దగ్గర, లేదా తిప్పుడు స్విచ్ లోపలి కాంటాక్టుల దగ్గర చెడిపోతాయి. ఓముల రేంజిలో పెట్టి, రెండు ప్రోబ్‌లనూ కలిపి పట్టుకుని, లీడు మెడను అటూ ఇటూ వంచి చూస్తే అంకె గెంతుతుందో లేదో తెలిసిపోతుంది. వేడికి బిరుసెక్కని సిలికాన్ లీడ్లు తొడుగు కంటే ముఖ్యం.

ఖచ్చితత్వం అనవసరమన్న మాటే నాకు అన్నిటికంటే బాధ కలిగిస్తుంది. నిలకడగా ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 చూపితే దాదాపు సగానికి దిగినట్టు, తేడా 0.4 వోల్టే. ఇంకా సున్నితమైనది వోల్టేజి డ్రాప్ పరీక్ష. లోపల పోగులు చాలావరకు తెగిపోయిన సెల్ఫ్ కేబులును ఓములలో కొలిస్తే 0.1 అని చూపవచ్చు, అది బాగానే ఉందని మనం అనుకోవచ్చు. కానీ 150 ఆంపియర్లు ప్రవహించాలంటే ఆ 0.1 ఓమే 15 వోల్టులను అడుగుతుంది, అంటే మోటారు కదలదు. సెల్ఫ్ కొడుతూ కేబులు రెండు కొసల మధ్య వోల్టేజి చూస్తేనే లోపం బయటపడుతుంది. మంచి కేబులు మీద అది సాధారణంగా అర వోల్టు లోపే ఉండాలి గనుక మీటరు మిల్లీవోల్టులను నమ్మకంగా చూపగలగాలి. అలాగే ఇన్‌పుట్ నిరోధం, అంటే కొలిచే సర్క్యూట్‌కు మీటరు తానే చూపే నిరోధం, 10 మెగా ఓములు ఉండాలి. 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఆడే ఆక్సిజన్ సెన్సరు సిగ్నలును 1 మెగా ఓము మీటరు తానే కొంత కిందికి లాగవచ్చు.

ట్రూ ఆర్‌ఎంఎస్ గురించి వారు చెప్పినది చాలావరకు సరైనదే. మన కొలతల్లో ఎక్కువ భాగం డీసీ కాబట్టి డబ్బు పరిమితమైతే దాన్ని వదులుకుని ఫ్యూజులకూ లీడ్లకూ ఖర్చు పెట్టడం మేలు.

ఇక పాడైతే ఇంకొకటి కొనుక్కోవచ్చన్న మాట. పాడైన మీటరు ఎప్పుడూ తెర ఆరిపోయి చెప్పదు, తప్పు అంకె చూపుతూ పనిచేస్తూనే ఉంటుంది. ఒక బండిలో ఛార్జింగ్ వోల్టేజి 15.6 చూపడంతో రెగ్యులేటరు పోయిందని ఆల్టర్నేటరును విప్పడానికి సిద్ధమయ్యాను. స్పానరు చేతిలో ఉండగా మీటరు మూలన మసక బ్యాటరీ గుర్తు కనిపించింది. కొత్త 9 వోల్టుల బ్యాటరీ వేసి అదే టెర్మినళ్ల మీద మళ్లీ పెడితే 14.2 వచ్చింది.